ఊరి పక్కకు గోదాము వస్తే ఊరికి ఏం రావాలి?

భివండీలో మరమగ్గాల చప్పుడు తగ్గుతోంది, ఊరి చుట్టూ రేకుల షెడ్లు పెరుగుతున్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి నేతపని కోసం తరాల కిందట వచ్చి పద్మనగర్‌లో స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలకు ఇది కళ్లముందు జరుగుతున్న మార్పు. ఇటు హోసూరు, అత్తిబెలె, హోస్కోటె, మాలూరు వైపు చూసినా అదే వరస. ఉత్తర చెన్నైలో రెడ్‌హిల్స్, మణలి, గుమ్మిడిపూండి దారిలోనూ అదే. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఊళ్లు చాలావరకు రాష్ట్రాల సరిహద్దుల్లోనో, పెద్ద నగరాల అంచుల్లోనో ఉన్నాయి. గోదాములకూ సరిగ్గా అలాంటి చోట్లే కావాలి. అందుకే ఇది మన సంగతి అయింది.

గోదాము వద్దనడం మా ఉద్దేశం కాదు. వద్దన్నా ఆగేది కాదు, వస్తే నాలుగు ఉద్యోగాలూ వస్తాయి. అయితే ఒక పెద్ద షెడ్డు లేచాక ఆ నేల మీద పడే వాన, ఆ దారిలో నడిచే పిల్లలు, ఆ పక్క చెరువు, ఆ ఊరి పంచాయతీ ఆదాయం అన్నీ మారిపోతాయి. ఆ మార్పు మంచికా చెడ్డకా అన్నది చాలావరకు కట్టేవాళ్లు మొదట్లో తీసుకునే నిర్ణయాల మీద ఉంటుంది. ఆ నిర్ణయాలు ఏవో, వాటిలో చట్టం చేయమన్నవి ఏవో, పేరుకోసం చేసేవి ఏవో తెలిస్తే అడగడం సులువవుతుంది.

ఇక్కడికే ఎందుకు వచ్చాయి

భివండీ కథ పన్నుతో మొదలైంది. ముంబై నగర హద్దులోకి సరుకు వస్తే ఆక్ట్రాయ్ కట్టాలి. హద్దు బయట, గ్రామ పంచాయతీల్లో సరుకు దించుకుంటే నగరంలో అమ్మేంత మేరకే కట్టుకోవచ్చు, మిగతాది దేశంలో ఎటైనా పంపుకోవచ్చు. ముంబై–నాసిక్ దారి మీద, ఠాణేకు ఆవల, రేవుకు అందుబాటులో ఉన్న పల్లెలు భివండీ చుట్టూనే ఉన్నాయి. మాణ్‌కోలి, పూర్ణా, రాహనాళ్, కాల్హేర్, వళ్, దాపోడె లాంటి ఊళ్ల వరి పొలాల్లో షెడ్లు అలా లేచాయి. భూమి చాలావరకు స్థానిక ఆగ్రీ కుటుంబాలది. అమ్ముకున్నవాళ్లు కొందరైతే, తామే షెడ్డు వేసి అద్దెకిచ్చినవాళ్లు చాలామంది. అందువల్ల ఇక్కడ గోదాము కట్టేవాడంటే కార్పొరేట్ కంపెనీయే కానక్కర్లేదు, పక్క ఊరి మోతుబరి కూడా కావచ్చు. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఆక్ట్రాయ్ పోయింది. అప్పుడు భివండీ గోదాములు ఖాళీ అవుతాయని అనుకున్నవాళ్లున్నారు. జరిగింది వేరు. అంతకుముందు కంపెనీలు రాష్ట్రం దాటితే పడే అమ్మకపు పన్ను తప్పించుకోవడానికి ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న డిపో పెట్టుకునేవి. ఆ అవసరం తీరిపోయాక చిన్నవి మూసి, నాలుగైదు రాష్ట్రాలకు కలిపి ఒక పెద్దది పెట్టుకోవడం మొదలుపెట్టాయి. బెంగళూరు మార్కెట్‌కు హోసూరులో, చెన్నై మార్కెట్‌కు ఆంధ్ర సరిహద్దు దగ్గర సరుకు ఉంచినా పన్ను తేడా లేదు. అదే ఏడాది నవంబరులో కేంద్రం లాజిస్టిక్స్ రంగానికి మౌలిక సదుపాయాల హోదా ఇచ్చింది, దాంతో అప్పు దొరకడం తేలికైంది. 2025 జూన్‌లో ముంబై–నాగపూర్ సమృద్ధి మహామార్గం చివరి భాగం తెరుచుకుంది, ఆ దారి ముగిసేది భివండీ పక్కన ఆమణె దగ్గరే. అంటే ఇంకా వస్తాయి.

ఒక చిన్న పక్కమాట. ‘గోడౌన్’ అన్న ఇంగ్లీషు మాట మలయ భాష నుంచి వచ్చిందనీ, మలయకు దక్షిణ భారతం నుంచి, మన గిడ్డంగి, తమిళ కిడంగు నుంచి వెళ్లి ఉంటుందనీ నిఘంటుకారులు చెబుతారు. మన సరుకు కన్నా మన మాటే ముందు సముద్రం దాటిందన్నమాట.

బాధ్యత ఎవరిది అని అడిగితే

గోదాము గేటు దగ్గర నిలబడి ‘ఇక్కడ ఓనరు ఎవరు’ అని అడిగితే జవాబు దొరకడం కష్టం. భూమి ఒకరిది, షెడ్డు కట్టింది ఇంకొకరు. దాన్ని లీజుకు తీసుకుంది ఒక కంపెనీ. ఆ కంపెనీ తరఫున సరుకు చూసుకునేది మరో సంస్థ, అందులో పనిచేసే మనుషులను తెచ్చేది లేబర్ కాంట్రాక్టరు. లారీ వీళ్లెవరిదీ కాదు, ట్రాన్స్‌పోర్టు వాళ్లది. డ్రైనేజీ నీళ్లు పొలంలోకి వస్తున్నాయంటే అద్దెకున్నవాళ్లు కట్టినవాళ్ల మీద చెబుతారు, కట్టినవాళ్లు పంచాయతీ మీద చెబుతారు.

ఈ గొలుసులో ఎక్కువకాలం ఉండేది కట్టినవాళ్లే. అద్దెదార్లు కొన్నేళ్లకు మారతారు. కాబట్టి ఊరితో మాట నిలబెట్టుకోగలిగేది కూడా వాళ్లే. మంచి డెవలపర్ చేసే మొదటి పని మొక్కలు నాటడం కాదు, ఊరికి ఇచ్చిన మాటలను లీజు ఒప్పందంలో రాయించడం. లారీ రోడ్డు మీద ఆపకూడదు, బడి వేళల్లో భారీ బండ్లు రాకూడదు, ప్రమాదకరమైన రసాయనాలు ముందు చెప్పకుండా దించకూడదు, చెత్త బయట కాల్చకూడదు, స్థానికులకు ఉద్యోగ ప్రకటన ముందుగా తెలపాలి లాంటివి ఒప్పందంలో ఉంటే అద్దెదారు మారినా షరతు మారదు. ఒప్పందంలో లేనిది మేనేజర్ మంచితనం మీద నడుస్తుంది, మేనేజర్ బదిలీ అయితే ఆగిపోతుంది. ఇంకొకటి, గేటు మీద ఒక ఫోన్ నంబరు, దాన్ని ఎత్తే ఒక మనిషి. పెద్ద ఖర్చు లేదు. అయినా చాలా గోదాముల గేటు మీద ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అన్నది తప్ప ఇంకేమీ కనిపించదు.

వాన నీరు

అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే, అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది కూడా ఇదే.

లక్ష చదరపు అడుగుల కప్పు అంటే ఈ రోజుల్లో మధ్యరకం గోదాము. అంటే సుమారు 9,290 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. భివండీలో జులైలో ఒక్కరోజే 100 మిల్లీమీటర్ల వాన పడటం వింతేమీ కాదు. ఆ ఒక్కరోజు ఆ ఒక్క కప్పు మీద నుంచి దిగే నీరు 9 లక్షల లీటర్ల పైమాట. అదే నేల వరిమడిగా ఉన్నప్పుడు గట్ల మధ్య నీరు నిలిచేది, మెల్లగా ఇంకేది, మిగిలింది వాగులోకి పోయేది. ఇప్పుడు రేకు మీద పడ్డది పడ్డట్టు కాంక్రీటు మీదుగా గంటలో బయటికి వస్తుంది. అలాంటి కప్పులు వందల సంఖ్యలో పక్కపక్కనే ఉంటే కామ్‌వారీ నది, దాంట్లో కలిసే నాలాలు ఎంతని మోస్తాయి?

దీనికి తోడు నేల ఎత్తు చేయడం. లారీ వెనుక భాగం గోదాము గచ్చుతో సమానంగా ఉండాలి కాబట్టి గచ్చు నేలకన్నా నాలుగడుగుల ఎత్తున కడతారు. తమ స్థలం మునగకుండా చుట్టూ ముర్రం పోసి మొత్తం ఆవరణనే ఎత్తు చేస్తారు. ఆ నీరు పక్కవాడి పొలంలోకో, పల్లంలో ఉన్న బస్తీలోకో పోతుంది. పాత నాలాను పూడ్చి దాని మీద దారి వేస్తే ఇక చెప్పేదే లేదు. కట్టేవాళ్లు ఊరికి చేయగలిగిన అతి పెద్ద మేలు ఇక్కడే ఉందని మేము అనుకుంటాం. పాత నీటి దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఊరి రైతులను అడిగి తెలుసుకోవాలి, వాటిని వెడల్పు తగ్గించకుండా వదిలేయాలి. దారి కింద సన్నని పైపు కాకుండా మనిషి దిగి శుభ్రం చేయగల కల్వర్టు కట్టాలి. వాన ఉధృతిలో నీటిని కొన్ని గంటలు పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే కుంట ఒకటి ఆవరణలోనే తవ్వాలి. ఆ కుంట తవ్విన చోట షెడ్డు వేస్తే అద్దె వస్తుంది కాబట్టే చాలామంది తవ్వరు.

ఖాడీ ఒడ్డున మరో జాగ్రత్త ఉంది. మహారాష్ట్రలో మడ అడవులను నరకడం, వాటి చుట్టూ 50 మీటర్ల లోపు కట్టడాలు లేపడం కుదరదని 2018లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. కాల్హేర్, కశేళి వైపు ఖాడీ దగ్గర మట్టి పోస్తున్న లారీ కనబడితే అడగవలసిన మొదటి ప్రశ్న ఆ 50 మీటర్ల గురించే.

హోసూరు సంగతి వేరు. అక్కడ సమస్య వాన ఎక్కువై కాదు, తక్కువై. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. అదే లక్ష చదరపు అడుగుల కప్పు మీద సుమారు 74 లక్షల లీటర్లు పడుతుంది. ఆవిరి, పొంగిపోయేది తీసేసి 80 శాతం పట్టుకున్నా 59 లక్షల లీటర్లు. 12,000 లీటర్ల ట్యాంకర్లలో లెక్కేస్తే 490 ట్యాంకర్లు! గోదాముకు పెద్దగా నీళ్లు అక్కర్లేదు. మరుగుదొడ్లు, కడగడం, నిప్పు ఆర్పే తొట్టి, అంతే. కాబట్టి మిగిలేది ఎక్కువ. దాన్ని రెండు మూడు ఇంకుడు గుంతల్లో పోసి చేతులు దులుపుకోకుండా, దగ్గర్లో ఎండిపోయిన చెరువుకు కాలువ తవ్వి కలిపితే ఊరి బోర్లు బాగుపడతాయి. అయితే ఒక షరతు. కప్పు మీది నీరు వేరు, లారీలు నిలిచే ఆవరణ నీరు వేరు. ఆవరణ నీటిలో డీజిలు, ఇంజను ఆయిలు, టైరు పొడి ఉంటాయి. నూనెను వేరుచేసే తొట్టి దాటించకుండా దాన్ని చెరువులో కలిపితే చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ. కెలవరపల్లి జలాశయంలో దక్షిణ పినాకిని నురగలు కక్కడం చూసిన హోసూరు వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పనిలో పనిగా చెరువు పూడిక తీయించే డెవలపర్లున్నారు. మంచిదే. కానీ చెరువులోకి నీరు వచ్చే కాలువ మీద తమ ప్రహరీ ఉంటే పూడిక తీసి లాభం లేదు.

లారీ, రోడ్డు, బడి పిల్లలు

ఊరివాళ్లకు గోదాము అంటే కనబడేది లారీయే. లోపల ఖాళీ లేక బయట రోడ్డు మీద బారులు తీరిన కంటైనర్లు, వాటి మధ్య నుంచి సైకిలు మీద వెళ్లే పిల్లలు. ఇది లారీ డ్రైవర్ల తప్పు అనుకుంటే పొరపాటే. గేటు రోడ్డుకు ఆనించి కట్టి, గేటు దగ్గర కాగితాల తనిఖీ పెట్టి, లోపల ఆగే చోటు లేకుండా చేసింది కట్టినవాళ్లు. గేటును రోడ్డుకు రెండు మూడు లారీల పొడవు లోపలికి జరిపితే, తనిఖీకి ముందే ఆగే జాగా ఇస్తే సగం గొడవ తీరుతుంది. షెడ్డు ప్లాను దశలో ఇది గీత జరిపినంత పని. కట్టేశాక దాదాపు అసాధ్యం.

డ్రైవరుకు మరుగుదొడ్డి, స్నానానికి నీళ్లు, పడుకోవడానికి నీడ ఇవ్వడం కూడా పర్యావరణ విషయమే. అవి లేకపోతే ఆ పని అంతా ఊరి వాగు గట్టున జరుగుతుంది. వేసవిలో ఏసీ కోసం రాత్రంతా ఇంజను ఆన్‌లోనే ఉంటుంది, ఆ పొగ పక్క ఇళ్లకే. వీటికి అయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టులో లెక్కలోకి రానంత తక్కువ.

లోపల ఏముందో ఊరికి తెలియాలి

నిప్పు సంగతికి వస్తే మాటలు మెత్తగా చెప్పలేం. 2023 అక్టోబరు 7న అత్తిబెలెలో బాణసంచా దుకాణం, గోదాము కలిసి ఉన్న చోట మంటలు లేచి 14 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది తమిళనాడు నుంచి పండగ సీజను పనికి వచ్చిన యువకులు. అదే ఏడాది ఏప్రిల్‌లో భివండీ పక్కన వళ్‌పాడాలో కింద గోదాము, పైన కుటుంబాలు ఉన్న భవనం కూలింది, కూలీలూ ఇళ్లవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. గోదాములో మంటలు అన్నది భివండీలో వార్త కాకుండా పోయింది, అంత తరచు.

2020 ఆగస్టులో బేరూత్ రేవులో అమ్మోనియం నైట్రేట్ పేలాక చెన్నై మణలిలోని ఒక కంటైనర్ గోదాములో అదే పదార్థం సుమారు 700 టన్నులు ఏళ్ల తరబడి పడి ఉందని అందరికీ తెలిసింది. తర్వాత దాన్ని విడతలుగా హైదరాబాద్‌కు తరలించారు. చుట్టూ ఉన్న బస్తీలకు అప్పటిదాకా దాని ఊసే తెలియదు. ప్రమాదకర రసాయనాల నిల్వకు 1989 నుంచే కేంద్ర నిబంధనలున్నాయి. ఫలానా పరిమాణం దాటితే అధికారులకు తెలపాలి, ఆవరణ బయట ఉన్న జనానికి ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక ఉండాలి, ఆ జనానికి ముందే చెప్పి ఉంచాలి. కాగితం మీద ఇంత ఉంది.

డెవలపర్ ఏం చేయగలరంటే, మొదటిది షెడ్డుకూ షెడ్డుకూ మధ్య ఫైరింజను చుట్టి రాగలిగినంత దారి వదలడం. పాత కాంపౌండ్లలో గోడకు గోడ ఆనించి వరసగా షెడ్లు ఉండటం వల్లే ఒకటి అంటుకుంటే పది పోతున్నాయి. రెండోది పైన స్ప్రింక్లర్లు, నీటి తొట్టి, పంపు, అవి పనిచేస్తున్నాయో లేదో ఆరు నెలలకోసారి పరీక్ష. మహారాష్ట్రలో 2006 అగ్నిమాపక చట్టం ప్రకారం ఇవి మంచితనం కింద లెక్క కాదు, బాధ్యత. మూడోది మా మాటగా చెబుతున్నాం. ఏటా ఒకసారి ఊరివాళ్లను పిలిచి, ఏ షెడ్డులో ఏ రకం సరుకు ఉందో, సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో చూపించాలి. ఆ మాట మరాఠీలో, హిందీలో, తెలుగులో చెప్పాలి. హోసూరులో తమిళం, తెలుగు, కన్నడ. హెచ్చరిక బోర్డు చదవడం రాని భాషలో ఉంటే అది గోడకు అలంకారమే.

కప్పు మీది ఎండ

ఇది లెక్క తేలికైన వ్యవహారం కాబట్టి క్లుప్తంగా. ఒక కిలోవాట్ సౌర పలకలకు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. లక్ష చదరపు అడుగుల కప్పులో 60 శాతం వాడుకున్నా 600 కిలోవాట్లు. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు అనుకుంటే రోజుకు 2,400 యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడే ఇళ్లు 700 పైచిలుకు నడుస్తాయి. చల్లని గోదాము కాకపోతే దాని సొంత వాడకం ఇంతలో చిన్న వంతే. మిగిలింది గ్రిడ్‌కు ఇవ్వాలంటే పంపిణీ సంస్థ నిబంధనలు, మంజూరైన లోడు పరిమితులు అడ్డొస్తాయి. అందుకని పెద్ద డెవలపర్లు తమకు కావలసినంతే పెట్టి ఫొటో తీయించుకుంటారు. కనీసం షెడ్డు కట్టేటప్పుడే ఇనుప చట్రం పలకల బరువు మోసేలా కడితే తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. భివండీ పాత షెడ్లలో చాలావాటికి ఆ బలం లేదు.

గోదాములకు ప్రత్యేకంగా హరిత భవన సర్టిఫికెట్ కూడా ఉంది. దాన్ని ఇచ్చే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ కేంద్రం మన హైదరాబాద్‌లోనే. అది మంచి ప్రమాణమే, కాకపోతే అది ప్రధానంగా కొలిచేది భవనాన్ని, ప్రహరీ అవతలి ఊరిని కాదు.

ఉద్యోగాలు ఎవరికి

మగ్గం నడిపిన చేతికి గోదాము పని దొరుకుతుందా? దొరుకుతుంది, కానీ దానంతట అది కాదు. మరమగ్గం కార్మికుడికి యంత్రం చప్పుడులో పన్నెండు గంటలు నిలబడటం అలవాటే. కొత్తగా కావలసింది స్కానరు వాడటం, సరుకు లెక్క కంప్యూటర్‌లో ఎక్కించడం, ఫోర్క్‌లిఫ్ట్ నడపడం. ఇవన్నీ వారాల్లో నేర్పగలిగినవి. డెవలపర్ తన ఆవరణలోనే ఒక గది శిక్షణకు ఇచ్చి, అద్దెదార్లందరికీ కలిపి ఏడాదికి నాలుగు బ్యాచ్‌లు నడిపితే, బయటి నుంచి కూలీలను తెచ్చే కాంట్రాక్టరు కమీషన్ కన్నా అది చవకే అవుతుంది. నలభై దాటిన మగ్గం పనివాళ్లను తీసుకుంటారా అన్నది మాత్రం గట్టిగా అడగాలి. ప్రకటనల్లో వయసు పరిమితి పెట్టి వాళ్లను వాకిట్లోనే ఆపేస్తున్నారు.

ఆడవాళ్ల విషయంలో అడ్డంకి పని కాదు, దారి. పద్మనగర్ నుంచి మాణ్‌కోలి దాకా చీకటి పడ్డాక షేర్ ఆటోలో వెళ్లి రమ్మంటే ఏ ఇంటివాళ్లూ పంపరు. ఒక బస్సు, వెలుతురున్న గేటు, మరుగుదొడ్డి, పిల్లలను ఉంచే గది ఉంటే పంపుతారు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలో పిల్లల గది ఉండాలని 2017 సవరణతో చట్టమే చెప్పింది. ఒకే ఆవరణలో పది మంది అద్దెదార్లు ఉంటే ఒక్కొక్కరు ‘మా దగ్గర నలభై మందే’ అంటారు. అందరికీ కలిపి ఒక గది కట్టగలిగేది డెవలపరే.

మోతపని సంగతి. మహారాష్ట్రలో 1969 నుంచి మాథాడీ చట్టం ఉంది. బస్తాలు మోసే హమాలీలు బోర్డులో నమోదై ఉంటే కూలి, భవిష్యనిధి, వైద్యం బోర్డు ద్వారా అందాలి. ఆ పేరు చెప్పి బెదిరించి డబ్బు గుంజేవాళ్లున్నారన్న ఫిర్యాదూ గోదాముల వాళ్ల నుంచి వింటూనే ఉంటాం, అదీ అబద్ధం కాదు. దొంగలున్నారని చట్టాన్నే పక్కన పెడితే నష్టపోయేది మాత్రం హమాలీ. ఇక రేకు కప్పు కింద మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఒకసారి లోపలికెళ్లి నిలబడితే తెలుస్తుంది. కప్పు లోపల వేడి ఆపే పొర, గాలికి తిరిగే వెంటిలేటర్లు, తాగునీళ్లు, కూర్చోవడానికి నాలుగు కుర్చీలు. ఇంతకన్నా పెద్ద కోరికలేమీ లేవు.

డబ్బు ఎటు పోతుంది

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభం, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 500 కోట్ల నికర విలువ దాటిన కంపెనీ తన సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. వినడానికి బాగుంది. ఆచరణలో రెండు చిక్కులు. పెద్ద డెవలపర్లు తరచు ఒక్కో గోదాము పార్కుకు ఒక్కో కంపెనీ పెడతారు. కొత్త కంపెనీకి అప్పు వడ్డీలు పోను లాభం కొన్నేళ్లు కనబడదు, కాబట్టి ఆ పార్కు పేరుతో 2 శాతం లెక్క రాదు. మాతృసంస్థ ఖర్చు చేస్తే ఎక్కడో మహానగరంలో చేస్తుంది. రెండో చిక్కు, తన గోదాముకు తాను వేసుకున్న కాలువను, దారిని సామాజిక బాధ్యత ఖాతాలో చూపడం. వ్యాపారంలో భాగంగా చేసే పని ఆ ఖాతాలోకి రాదని నిబంధనల్లో ఉంది.

షెడ్డు వేసిన ఆగ్రీ రైతుకు ఈ చట్టం అసలు వర్తించదు. అక్కడ మిగిలేది ఆస్తి పన్ను. ఇక్కడే భివండీ మనవాళ్లకు ఒక అన్యాయం జరుగుతోందని మా అభిప్రాయం. గోదాములు గ్రామ పంచాయతీల్లో ఉన్నాయి, పన్ను వాళ్లకు వెళుతుంది. లారీలు, పొగ, ట్రాఫిక్ భివండీ–నిజాంపూర్ నగరపాలికలోకి వస్తాయి. చుట్టుపక్కల పల్లెలకు ప్రణాళిక వేసేది ఎంఎంఆర్‌డీఏ. పద్మనగర్ ఓటరుకు ఆ పల్లెల గ్రామసభలో నోరెత్తే హక్కు లేదు. కాబట్టి ఒక డెవలపర్ నిజంగా ‘స్థానిక సమాజానికి’ చేస్తానంటే ఆ స్థానికం ప్రహరీ పక్క పంచాయతీతో ఆగకూడదు. లారీలు నడిచే దారి పొడవునా ఉన్న బస్తీలు, బడులు అందులోకి రావాలి. తెలుగు మాధ్యమ బడికి నాలుగు గదులు, పండక్కి బతుకమ్మలు నిమజ్జనం చేసే వరాలదేవి చెరువుకు శుభ్రమైన గట్టు అడగడం అత్యాశ కాదు.

ఎప్పుడు అడగాలి

కట్టకముందు. 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2 లక్షల 15 వేల చదరపు అడుగులు, ఆపైన నిర్మిత వైశాల్యం ఉన్న కట్టడాలకు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. కానీ ఈ తరగతి కట్టడాలకు బహిరంగ విచారణ అక్కర్లేదు. ఫ్యాక్టరీకి టెంట్ వేసి ఊరివాళ్లను పిలిచినట్టు గోదాముకు పిలవరు. ఒకే కాంపౌండులో పది షెడ్లను పది పేర్లతో చూపిస్తే అనుమతి అవసరమే రాదు. పారిశ్రామిక షెడ్లకు, విద్యాసంస్థలకు ఈ అనుమతి నుంచి మినహాయింపు ఇస్తూ కేంద్రం 2025 జనవరి 29న నోటిఫికేషన్ తెచ్చింది. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు ఆగస్టు 5న కొట్టేసింది.

విచారణ లేదు కాబట్టి మాట్లాడే చోటు గ్రామసభ, పంచాయతీ, లేదంటే నేరుగా డెవలపర్ ఆఫీసు. వెళ్లేటప్పుడు ‘మా ఊరికి ఏదైనా చేయండి’ అని వెళితే గుడికి రంగు వేయించి పంపిస్తారు. నాలాల పటం, గేటు ఎక్కడ పెడుతున్నారో చూపే ప్లాను, నిల్వ చేయబోయే సరుకు రకాలు, లారీల సంఖ్య, ఉద్యోగాల సంఖ్య రాతలో ఇవ్వమని అడగాలి. భాష అడ్డమైతే కుల సంఘాల్లో, తెలుగు సంఘాల్లో మరాఠీ, తమిళం, కన్నడం చదివి రాయగల కుర్రాళ్లకు కొదవ లేదు, వాళ్లను ముందు పెట్టాలి. బరంపురం వైపు గోపాలపూర్ రేవు చుట్టూ స్థలాలకు గిరాకీ పెరిగితే అక్కడి మనవాళ్లకూ ఈ పట్టికే పనికొస్తుంది.

అనుమతి వచ్చిన ప్రాజెక్టయితే పని ఇంకా సులువు. అనుమతి వచ్చిన సంగతి స్థానిక భాషా పత్రికలో ప్రకటించాలి. అనుమతి పత్రంలో ఎన్ని చెట్లు, ఎన్ని ఇంకుడు గుంతలు, ఎంత సౌర విద్యుత్తు అన్నది షరతులుగా రాసి ఉంటుంది. వాటిని పాటిస్తున్నట్టు ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న, సంస్థ నివేదిక ఇవ్వాలి. ఆ పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్లో వెతకవచ్చు, దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. నివేదిక చేతిలో పట్టుకుని గోదాము చుట్టూ ఒకసారి తిరిగి, రాసిన ఇంకుడు గుంతలు నేల మీద ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. వాన పడుతున్న రోజున వెళితే నీరు ఎటు పోతోందో కూడా కనబడుతుంది.